పురుగుమందు డబ్బా దొరకని చావులు

మా ప్రాంతంలో పత్తి రైతుల చావుల ప్రస్తావన వస్తే అందరూ 1987-88 పంటకాలం దగ్గరే మొదలుపెడతారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ ఏడు శనగపచ్చ పురుగు పత్తి కాయల్ని తొలిచేసింది. అంతకు రెండు మూడేళ్ల ముందే తెల్లదోమ ఒక దెబ్బ కొట్టింది. ఎనభైల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొత్తగా వచ్చినప్పుడు ఒక్క పిచికారీకే పురుగు రాలిపోయేది. కొట్టగా కొట్టగా పురుగుకు ఆ మందు అలవాటైపోయింది. డబ్బాలకు డబ్బాలు కొట్టినా చావలేదు. చావని పురుగు మీద కొట్టిన మందునే చివరికి రైతులు తాగారు. పదుల సంఖ్యలో పోయారు. పత్రికలు రాశాయి, ప్రభుత్వం కదిలింది.

ఆ రోజుల్లో నేను పిడుగురాళ్ల చుట్టుపక్కల ఊళ్లలో ఏఎన్ఎంగా తిరిగేదాన్ని. జానపాడు, బ్రాహ్మణపల్లి, జూలకల్లు, గుత్తికొండ. చేతిలో టీకాల డబ్బా, సంచిలో కుటుంబ నియంత్రణ రిజిస్టర్లు. మందు తాగినవాళ్ల గురించి చాలామంది రాశారు. నేను రాయదలుచుకున్నది అదే పంట, అదే అప్పు ఉండి, మందు తాగకుండానే పోయినవాళ్ల గురించి. "రాత్రి బాగానే పడుకున్నాడమ్మా, తెల్లారేసరికి లేడు" అనేవాళ్లు ఇంట్లోవాళ్లు. "దిగులుతో గుండె ఆగింది" అని ఊరు తేల్చేసేది. గుండెకు ఏదైనా అయితే నరసరావుపేటకో గుంటూరుకో పోవాలి. పోయేలోపే అయిపోయేది. శవపరీక్ష లేదు, కేసు లేదు. దినాలు అయ్యాక ఎవరి పనుల్లో వాళ్లు పడేవాళ్లు.

ఆ దిగులు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఈ నేల సంగతి కొంచెం చెప్పాలి. పిడుగురాళ్ల అంటే బయటివాళ్లకు సున్నం బట్టీలు. ఊళ్లలో ఉండేవాళ్లకు నల్లరేగడి, సాగర్ కుడి కాలువ. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. జొన్న పండే పొలాల్లోకి వరి, పత్తి, మిర్చి వచ్చాయి. జొన్న పోతే ఆ ఏడు గింజలకు కరువు, అంతే. పత్తి, మిర్చి పోతే పరువే పోతుంది, ఎందుకంటే అవి అప్పు మీద లేచే పైర్లు. విత్తనం, ఎరువు, పురుగుమందు ఒకే కొట్లో అరువు తెస్తారు. కౌలు ముందే కట్టాలి. మిగతాదానికి ప్రామిసరీ నోటు, నూటికి రెండో మూడో రూపాయల వడ్డీ. నోటు మూడేళ్లకు కాలదోషం పడుతుంది కాబట్టి గడువు లోపల వడ్డీని అసల్లో కలిపి తిరగరాయాలి. ఆ లెక్కన అప్పు ఇంట్లో ఒక మనిషిలా పదేళ్లు, పదిహేనేళ్లు కాపురం చేస్తుంది. పంట పోయిన బాధ ఒక సీజనుది. ఈ అప్పు పెట్టే దిగులు ఏళ్ల తరబడిది, గుండెను తినేది అదే.

2004 జూన్ 1న రాష్ట్ర ప్రభుత్వం 421 నంబరు జీవో తెచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కలిసి విచారించి నిర్ధారించాలి. 2015లో ఆ సాయం ఐదు లక్షలైంది, 2019లో ఏడు లక్షలైంది. ఎన్నో కుటుంబాలను నిలబెట్టిన జీవో అది, కాదనను. అయితే ఆ జీవో ఆత్మహత్యకే. పాసు పుస్తకం, నోట్లు, శవపరీక్ష నివేదిక అన్నీ ఉండాలి. గుండె ఆగినవాడికి నోట్లు ఉంటాయి, మిగతావి ఉండవు. "అప్పుల బాధతో గుండె ఆగిన రైతు" అని జిల్లా పేజీలో ఒక చిన్న వార్త, అక్కడితో సరి.

ఊరి మాట ఉత్త నమ్మకమా? కాదు. రక్తప్రసరణను లోకానికి వివరించిన విలియం హార్వే 1628లోనే మనసులో రేగిన బాధ, భయం గుండె దాకా పాకుతాయని రాశాడు. 1937లో బెంజమిన్ మాల్జ్‌బర్గ్ న్యూయార్క్ రాష్ట్ర మానసిక ఆసుపత్రుల మరణాలు లెక్కగట్టి, తీవ్రమైన దిగులుతో ఉన్నవాళ్లలో గుండె జబ్బు మరణాలు బయటి జనంలో కంటే ఎక్కువని చూపాడు. 1993లో మాంట్రియల్‌లో నాన్సీ ఫ్రేజర్-స్మిత్ బృందం గుండెపోటు వచ్చి బతికిన 222 మందిని ఆరు నెలలు గమనించింది. డిప్రెషన్ ఉన్నవాళ్లకు చావు ముప్పు నాలుగు రెట్లకు పైనే ఉంది. 2004లో సలీం యూసఫ్ నాయకత్వాన 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం గుండెపోటుకు తొమ్మిది ప్రధాన కారణాలు తేల్చింది. పొగ, బీపీ, షుగర్ల వరసలోనే మానసిక ఒత్తిడి, దిగులు ఉన్నాయి. మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందనీ, మిగతా దేశాలవాళ్లకు దాదాపు 59 ఏళ్లకనీ అదే అధ్యయనం నుంచి 2007లో తేలింది.

దిగులు గుండె దాకా చేరే దారులు రెండు. ఒకటి ఒంట్లో జరిగేది. దిగులు, నిద్రలేమి నెలల తరబడి సాగితే కార్టిసాల్, అడ్రినలిన్ తగ్గాల్సిన వేళకు తగ్గవు. బీపీ, నాడి పైకే ఉంటాయి. రక్తంలో ప్లేట్‌లెట్లు తొందరగా అతుక్కుంటాయి, రక్తనాళాల్లో వాపు పెరుగుతుంది. రెండోది మనిషి చేసేది, లేదా చేయనిది. చుట్టలు, బీడీలు పెరుగుతాయి, సాయంత్రం మందు పెరుగుతుంది, బీపీ మాత్ర మానేస్తాడు.

ఈ రెండో దారి నేను కళ్లారా చూశాను. 2021-22లో మిరప పూతలోకి నల్ల తామర పురుగు దిగింది. పూలన్నీ రాలిపోయి ఎంతోమంది తోటలు దున్నేశారు. అప్పుడు నేను ఉద్యోగం చివరి రోజుల్లో ఉన్నాను. ఒక కౌలు రైతు ఇంటికి బీపీ చూడటానికి వెళ్లాను. నులక మంచం మీద కూర్చుని చెయ్యి చాపాడు. 170/110 వచ్చింది. మాత్రల అట్ట గూట్లో ఉంది, రెండు మాత్రలే చించి ఉన్నాయి.

"వేసుకోవట్లేదేం?" అన్నాను.

"ఏసుకుని ఏం జెయ్యాలమ్మా" అన్నాడు, తల ఎత్తలేదు.

భార్య నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ చెప్పింది: "తోట పీకేసిన కాడి నుంచి ఇంతే నర్సమ్మా. రెండు ముద్దలు తిని లేస్తాడు. తెల్లారుజామున మూడింటికే వాకిట్లో కూసుంటాడు. పిల్లలతో మాట్లాడతల్లేదు."

నా రిజిస్టర్లో బీపీ రాయడానికి గడి ఉంది. ఆమె చెప్పింది రాయడానికి లేదు. అసలు జబ్బు మాత్రం ఆమె మాటల్లోనే ఉంది. "పిచ్చి డాక్టరు దగ్గరికా" అని ఆయన మొండికేస్తే, నిద్ర పట్టడానికి అని ఒప్పించి గుంటూరు పెద్దాసుపత్రికి పంపాం. రెండు నెలలకు నిద్ర కుదిరింది, బీపీ మాత్ర మానకుండా వేసుకున్నాడు. అప్పు మాత్రం అప్పుగానే ఉంది.

దిగులుకు వైద్యం చేస్తే గుండెపోటు రాదని నేను ఎవరికీ చెప్పను. అమెరికాలో దాదాపు రెండున్నర వేల మంది గుండె రోగుల మీద జరిగిన అలాంటి పరీక్ష ఫలితాలు 2003లో వచ్చాయి. కౌన్సెలింగ్‌తో దిగులు తగ్గింది కానీ మరణాలు తగ్గలేదు. అయినా 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండెపోటు రోగుల్లో డిప్రెషన్‌ను ముప్పు కారకాల్లో చేర్చాలని సిఫారసు చేసింది. దిగులు తగ్గిన మనిషి మాత్ర వేసుకుంటాడు, అన్నం తింటాడు, బిడ్డలతో మాట్లాడతాడు. వైద్యం చేయడానికి ఆ కారణాలు చాలవా?

పల్లెల్లో దిగులును గుర్తించి వైద్యం చేయడానికి మన రాష్ట్రంలో పునాది పడింది కూడా. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను ఇంటింటికీ వెళ్లి ఆరా తీస్తే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవేనని 2006లో తేలింది. పల్లెవాళ్లకు గుండె జబ్బేమిటన్న మాట అక్కడితో చెల్లిపోయింది. తర్వాత పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లిచ్చి, ఇళ్ల దగ్గరే దిగులును గుర్తించి డాక్టరుకు చూపించవచ్చని నిరూపించారు. ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటినవాళ్ల కోసం ఆశాలు నింపే ఫారంలో దిగులు గురించి రెండు ప్రశ్నలు ఉన్నాయి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా? దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా?

ఆశా చెల్లెళ్లకు నా విన్నపం ఇది. ఆ రెండు గళ్లూ వాకిట్లో నిలబడి టిక్కు పెట్టేవి కావు. కూర్చుని అడగండి. మగవాడు చెప్పకపోతే భార్యను అడగండి, ఆమెను ఆమె గురించి కూడా అడగండి. భర్త పోతే నోటు ఆమె పేరు మీదికి తిరగరాస్తారు, ఆ దిగులూ ఆమెదే అవుతుంది. రైతు మరణాల మీద విచారణ చేసే అధికారులు గుండె ఆగిన రైతు ఇంటికీ వెళ్లాలి, అక్కడి నోట్లూ చూడాలి. ఇక చదువుతున్న మీకు: ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు ఉంటే గ్యాస్ అని సోడా తాగిస్తూ కూర్చోవద్దు, 108కి చెయ్యండి. ఇంట్లో ఎవరైనా రెండు వారాలుగా తిండి, నిద్ర, మాట తగ్గించేస్తే 14416 టెలీ మానస్‌కు ఫోను చెయ్యండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు.