కంపెనీ కాలువ కథ

కేసీ కాలువ అంటే సర్కారు కాలువ అనే కదా మనకు తెలిసింది. మొదట్లో అది సర్కారుది కాదు. లండన్‌లో వాటాలు అమ్మి పెట్టిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీది. నీళ్ళను ప్రైవేటుకు ఇవ్వొచ్చా, ఇవ్వకుండా రాజ్యాంగంలోనే రాసుకోవాలా అని ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం గదా. ఆ పరీక్ష మన కర్నూలు, కడప జిల్లాల్లో నూట అరవై ఏళ్ళ కిందటే జరిగిపోయింది.

అంతకుముందు 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది సర్కారే. కట్టించిన కాటన్ దొరే తుంగభద్ర మీద ఈ కంపెనీ పథకాన్నీ వెనకేసుకొచ్చాడు. దొర మీద మనకు గౌరవం ఉంది, కానీ ఈ విషయంలో ఆయన లెక్క తప్పింది.

ఒప్పందం ఎట్లుందో చూడండి. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ సర్కారు పూచీ. కాలువ పారినా ఎండినా వాటాదారుకు 5 శాతం ఖాయం. లాభం వస్తే కంపెనీకి, రాకపోతే ఖజానా నుంచి. ఖజానా అంటే ఎవరిది? శిస్తు కట్టిన రైతుది. ఇట్లాంటి పూచీ ఉన్నప్పుడు ఖర్చు తగ్గించాలని ఎవరికి అనిపిస్తుంది చెప్పండి!

కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర ఆనకట్ట వేసి, కడప దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వారు. పడవలు నడపాలని లాకులు కూడా కట్టారు. డబ్బు అనుకున్నదాని కంటే చాలా ఎక్కువయింది. తీరా నీళ్ళొచ్చాక, రేగడి చేలల్లో వానల మీద జొన్న, పత్తి పండించే మన పెద్దోళ్ళు డబ్బు కట్టి నీళ్ళు తీసుకోవడానికి వెనకాడారు. వాళ్ళను తెలివితక్కువోళ్ళు అనకండి. రేగడికి ఎంత నీరు పెట్టాలో, ఎప్పుడు ఆపాలో వాళ్ళకు తెలుసు, లండన్ వాటాదారుకు తెలియదు.

1876-78 కరువులో ఇదే సీమ ఎంత మందిని పోగొట్టుకుందో మీకు తెలిసిందే. చివరకు 1882లో సర్కారే కంపెనీని కొనేసింది. నష్టాన్ని కూడా మనమే కొన్నామన్నమాట.

అదే 1882లో ఇంకొకటి జరిగింది. ఈజ్‌మెంట్స్ చట్టం వచ్చింది. భూమి ఎవరిదో ఆ భూమి కింది నీళ్ళు తోడుకునే హక్కు వాళ్ళదే అంది. కాలువ జనానిదయింది, భూగర్భజలం సొంతదారుడిదయింది. ఒకే ఏడాదిలో రెండు దారులు!

మన రాజ్యాంగంలో నీళ్ళు రాష్ట్రాల జాబితాలో 17వ అంశం. సమాజ వనరులు అందరి మేలుకు పంచాలని 39(బి) అంటుంది గానీ, అది ఆదేశిక సూత్రం, కోర్టుకెళ్ళి అమలు చేయించుకోలేం. 1996లో బియాస్ నది కేసులో సుప్రీంకోర్టు ఇట్లాంటి వనరులకు సర్కారు ధర్మకర్తేనని చెప్పింది. మంచి మాటే. కానీ అది తీర్పు, అధికరణం కాదు.

ఉరుగ్వే వాళ్ళు అధికరణమే రాసుకున్నారు. 2004 అక్టోబరు 31న ఎన్నికలతో పాటే ఓటు పెడితే, అరవై శాతానికి పైగా జనం ఔనన్నారు. తాగునీటి సరఫరా ప్రభుత్వ సంస్థలే చేయాలని 47వ అధికరణంలో చేరింది. అంతటితో కష్టాలు తీరాయా? 2023 కరువులో వాళ్ళ రాజధాని మాంటెవీడియోలో కుళాయిల్లో ఉప్పునీళ్ళొచ్చాయి. ఇచ్చింది ప్రభుత్వ సంస్థే. జనం సీసా నీళ్ళు కొనుక్కున్నారు. అయితే ఒక తేడా ఉంది. అక్కడి జనం వీధిలోకొచ్చి నిలదీసింది తాము ఓటేసిన సర్కారును. సుంకేసుల రైతు లండన్‌లో ఎవర్ని నిలదీయాలి?

అందుకే రాజ్యాంగంలో రాయాలనే నేనంటాను. కానీ రాసేటప్పుడు కాలువ దగ్గరే ఆగితే కుదరదు. నీళ్ళు అందరివని రాస్తే నా చేలో బోరు నీళ్ళూ అందరివే అవుతాయి. పక్క చేను బోరు ఎండిపోయి, నాది పోస్తున్న ఎండాకాలం ఒకటి నాకు గుర్తుంది. ఆ రైతు గట్టు మీద నిలబడి ఏమీ అడగలేదు. నేను మోటారు ఆపలేదు.