తులమైన తూగని గుండు

సికింద్రాబాదు నుండి విజయవాడకు పోవు రైలు మార్గములో, వరంగల్లు దాటిన తరువాత, నెక్కొండ అను చిన్న స్టేషను వచ్చును. 1902వ సంవత్సరము ఏప్రిల్, మే మాసములలో రాజప్రతినిధి కర్జను ప్రభువు నిజాము అతిథిగా ఆ ప్రాంతమునకు వచ్చి పులుల వేట ఆడినాడు. పాదముల చెంత చచ్చిన పులితో కర్జను దంపతులు నిలుచున్న ఛాయాచిత్రము నేటికిని పుస్తకములలో కనబడుచునే యున్నది. చూచువారి కన్ను మొదట పులి మీదికి, తరువాత దొరసాని మీదికి పోవును. తుపాకి మీదికి పోవువారు కొద్దిమంది. అందులోని గుండును గురించి తలచువారు ఇంకను కొద్దిమంది.

మేము ఈ ప్రసంగములో చెప్పదలచినది ఆ గుండును గురించియే. అదియు పులిని కొట్టెడు పెద్ద గుండు కాదు; దుప్పిని, ఇర్రిని కొట్టుటకు వాడిన చిన్న బోరు రైఫిలు గుండు. నేడు చట్టము పూర్తిగా మాన్పించిన ఈ వ్యవహారమును ఇప్పుడు తిరిగి తలచుట ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. గుండును ఎన్నుకొన్నవాడొకడు, ఆ ఎన్నిక చెడినప్పుడు అడవిలో తిరిగినవాడు మరొకడు. మన జిల్లాల చరిత్రలో ఆ రెండవవానికి చోటు తక్కువగా దొరికినది.

మొదట నేలను గురించి రెండు మాటలు. జనగామ ప్రాంతము మెట్టనేల. రాళ్ళ గుట్టలు, తుమ్మలు, సీతాఫలపు పొదలు, నడుమ విశాలమైన చేలు. ఇటువంటి దక్కను మైదానములే ఇర్రికి, అనగా మగ కృష్ణజింకకు, ఇష్టమైన చోట్లు. అది దూరమునుండియే మనిషిని పసిగట్టును; వేటగాడు నూటయేబది గజముల కంటె దగ్గరగా పోవుట కష్టము. మహబూబాబాదు దాటి, అనగా పాతవారి మానుకోట దాటి, గూడూరు, కొత్తగూడల వైపు పోయినచో పాకాల అడవులు. భూపాలపల్లి వైపు పోయినచో గోదావరి దాక టేకు, మద్ది, వెదురు పొదలు. అక్కడ దుప్పి నలుబది గజములలో నిలిచియున్నను సగము దేహము ఆకుల చాటుననే యుండును. ఇర్రి బరువు ముప్పదియైదు, నలుబది కిలోలు. మగ దుప్పి ఎనుబది దాక తూగును. కణుజు రెండువందలు దాటును. ఒకే గుండు ఈ మూడింటికిని, ఈ రెండు నేలలకును సరిపడునా అన్నదే ఆనాటి వేటగాండ్ర తెగని తగవు.

మన ఊళ్ళలో పూర్వమున్నది భర్మారు తుపాకి. గొట్టపు మూతి నుండి మందు పోసి, గుడ్డపీలిక కూరి, సీసపు గుండునో పిడికెడు రవ్వలనో దింపి పేల్చెడు సాధనమది. బోరు అను మాట అసలు అర్థము ఆ కాలములోనే యున్నది. ఒక పౌను సీసమును పన్నెండు గుండ్లుగా పోసినచో ఒక్కొక్కటి పట్టు గొట్టము పన్నెండు బోరుది. ఆ గుండు పాత తులము లెక్కన మూడు తులములకు పైగా తూగును. పాత తులమనగా 180 గ్రెయినులు. తొంబదియారు గురిగింజల ఎత్తు. గుండ్ల తూకమును కంపెనీలవారు గ్రెయినులలోనే చెప్పుదురు గనుక, బంగారము తూచుట ఎరిగిన మన ఇండ్లవారికి ఈ లెక్క సుళువుగా బోధపడును.

ఆ బరువైన ఉండ మెల్లగా పోవును. నూరు గజములు దాటినచో నేలకు వంగును. ఇంగ్లండులో పర్డీ కంపెనీవారు 1856లో ఒక క్రొత్త మార్గము చూపినారు: గుండును తేలిక చేసి, మందును పెంచి, వేగమును హెచ్చించుట. ఎక్స్‌ప్రెస్ రైలు పేర ఆ తుపాకులకు ఎక్స్‌ప్రెస్ రైఫిళ్ళన్న పేరు వచ్చినది. .450 బోరు ఎక్స్‌ప్రెస్ గుండు తులమున్నర తూగి, సెకనుకు దాదాపు 1900 అడుగుల వేగముతో పోయెడిది. దాని ముక్కులో బోలు ఉంచినారు. మాంసమును తాకగానే ఆ బోలు విచ్చుకొని గుండు వెడల్పగును. జింకకు అది చక్కగా పనిచేసినది. పెద్ద మృగము భుజపుటెముకను తాకినచో మాత్రము పైపైననే తునాతునకలై, గాయము చేసి ప్రాణము తీయక వదలెడిది.

అప్పటినుండి రెండు పక్షములైనవి. మన భూపాలపల్లి సీమకు గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న సిరొంచ ఆనాడు మధ్యపరగణాలలోనిది. ఆ పరగణాల అడవులను బాగుగా ఎరిగిన జేమ్స్ ఫార్సిత్ అను సైనికోద్యోగి, 1860ల నాటి తన గ్రంథములో, వెడల్పైన గొట్టమును, గుండ్రని బరువైన గుండునే సమర్థించినాడు. సర్ శామ్యూల్ బేకరు 1890లో వెలువరించిన ‘వైల్డ్ బీస్ట్స్ అండ్ దెయిర్ వేస్’లో బోలు గుండ్లను గట్టిగా ఆక్షేపించినాడు. మెత్తని సీసపు గట్టి గుండు దేహములో పుట్టగొడుగు వలె విచ్చుకొని, ఆవలి ప్రక్క చర్మము క్రింద ఆగిపోవలెనని ఆయన సిద్ధాంతము. బయటికి దూసుకొని పోయిన గుండు తన బలములో కొంత గాలికి అప్పగించినట్లే గదా అని వాదము. వినుటకు ఇంపుగానే యున్నది. వెదురు పొదలలో ఇది ఎంత చెల్లునో తరువాత చూతము.

ఇంతలో పొగలేని మందు వచ్చినది. ఫ్రాన్సులో 1884లో వియేయ్ దానిని సాధించినాడు. దాని వేగమునకు ఉత్త సీసము నిలువలేదు. గొట్టములోని చాళ్ళలో అరిగిపోయినది. అందువలన గుండుకు గట్టి లోహపు తొడుగు వేసినారు. తొడుగు వేసిన గుండు విచ్చుకొనలేదు, సన్నని రంధ్రము చేసి ఆవలికి పోయినది. 1895 నాటి చిత్రాల్ దండయాత్రలో ఈ లోపము సైనికులకే కనబడినది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాలలో కెప్టెన్ బెర్టీ క్లే .303 గుండు ముక్కున తొడుగు తొలగించి సీసమును బయటపెట్టినాడు. 1899లో హేగ్ సమావేశము దానిని యుద్ధములో వాడరాదని ప్రకటించినది. యుద్ధములో క్రూరమని తోసివేసిన ఆ మెత్తని ముక్కు గుండునే వేటగాండ్రు దయగలదని ఎన్నుకొనిరి. వింతగా తోచవచ్చును గాని ఇందులో న్యాయమున్నది. గాయపడిన సైనికుని మోసుకొనిపోవుటకు డోలీ ఉన్నది, ఆసుపత్రి ఉన్నది. గాయపడిన దుప్పికి ఉన్నది పొద ఒక్కటే.

ఇక చిన్న బోరుల వంతు. సైనిక తూటాలు దొంగిలింపబడి తిరుగుబాటుదారుల చేతికి పోవునన్న భయముతో ఆంగ్ల ప్రభుత్వము .303 బోరును ప్రైవేటు వ్యక్తులకు నిషేధించినది, 1907 ప్రాంతమున.450 బోరును గూడ అట్లే కట్టివేసినది. తుపాకి కంపెనీలవారు వెంటనే క్రొత్త కొలతలు కల్పించిరి. జింకల కొరకు రిగ్బీ వారి .275 వచ్చినది, 140 గ్రెయినుల గుండు, ముప్పాతిక తులమునకు కొంచెము పైన. 1912లో అమెరికా నుండి .22 సావేజ్ హైపవర్ వచ్చినది. గుండు 70 గ్రెయినులు మాత్రమే, అనగా ముప్పదియేడు గురిగింజల ఎత్తు, వేగము మాత్రము 2800 అడుగులు. కలకత్తాలోని మాంటన్ కంపెనీవారి కొరకు 1923లో .242 బోరు తయారైనది. గుండు నూరు గ్రెయినులు. భుజము అదరదు, గురి తప్పదు, రెండువందల గజముల దాక గుండు వంగదు. చీనా దేశములో కాల్డ్‌వెల్ అను అమెరికను పాదిరి ఆ .22 తోనే పులులను కొట్టినాడన్న కీర్తి వ్యాపించినది. పాదిరిగారి చేతివాటము తుపాకితో పాటు పెట్టెలో రాదన్న సంగతి ప్రకటనలలో వ్రాయలేదు.

జనగామ వంటి బయలులో, ఇర్రి వంటి తేలిక మృగము మీద, ఆ వేగపు గుండు చక్కని సాధనమే. పలుచని తొడుగు, మెత్తని ముక్కు ఉన్నచో ఊపిరితిత్తులు చేరి అక్కడనే విచ్చుకొనును, మృగము నాలుగు అంగలలో పడిపోవును. అదే గుండుతో భూపాలపల్లి వెదురులోనికి పోయినచో కథ మారును. కంటికి కనబడని కొమ్మ తగిలినను తేలిక గుండు దారి తప్పును. కణుజు భుజపుటెముకను తాకినచో అక్కడనే చితికి, అరచేతి వెడల్పు పైగాయము మాత్రము చేయును. దానికి విరుగుడుగా తొడుగు మందము చేసినచో చిన్న జింకలో విచ్చుకొనకయే దూసుకొని పోవును. అందువలన తెలిసినవారు బోరును గాక తూకమును, తొడుగును చూచి తూటాలు కొనెడివారు: బయలుకు తేలికది, మెత్తనిది, అడవికి బరువైనది, సగము దాక గట్టి తొడుగున్నది. మా దృష్టిలో బేకరు సిద్ధాంతము దట్టమైన అడవిలో చెల్లదు. గుండు లోపలనే ఆగినచో ఉండునది ఒక్క చిన్న రంధ్రము. చర్మము జరిగి దానిని కప్పివేయును, నెత్తురు నేలకు రాదు. ఆవలికి వెడలిన గుండు నెత్తుటి జాడను విడుచును.

ఆ జాడను చదివినవారు దొరలు కారు. కోయలు, నాయకపోడులు, ఊరి వేటగాండ్రు. నురుగుతో కూడిన ఎఱ్ఱని నెత్తురు కనబడినచో ఊపిరితిత్తులు తగిలినవి, మృగము దగ్గరనే పడియుండును. నల్లబారిన ఎరుపైనచో కాలేయము. కొంత సేపు కదలక కూర్చుండి తరువాత పోవలెను. ఆకుపసరు, అరగని మేత కలిసి యున్నచో కడుపు. ఇక పొద్దుగూకు దాక నడకయే. గాయపడినది పులియో చిరుతయో అయినచో ఆ నడకలో ముందు నడచువానికి ప్రాణమే పందెము. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను గురిలో మేటియని జనులు కథలుగా చెప్పుకొనిరి. ఆయన అతిథులందరును అంతటి గురికాండ్రు కారు. అధికారుల మజిలీకి వెట్టి తప్పని కాలమది. 1921లో ఏర్పడిన ఆంధ్ర జన సంఘము, మాడపాటి హనుమంతరావుగారి నాయకత్వమున, మొట్టమొదట చేపట్టిన పనులలో ఈ వెట్టిచాకిరిని ఎదిరించుట ఒకటి. మంచె మీద కూర్చున్నవాడు తూటా పెట్టె చూచి పొరపాటున చేసిన ఎన్నికకు, మరునాటి పగలంతయు కూలి లేక నడచినవాడు మూల్యము చెల్లించినాడు.

మంచి రైఫిళ్ళు గడీలలో నుండెను. ఊళ్ళలో నున్నవి వడిసెలలు, కఱ్ఱలు. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖు మనుషుల కాల్పులలో కూలినాడు. తరువాతి ఐదేండ్ల సాయుధ పోరాటములో దళములు మొదట చేతబట్టినవి ఈ భర్మారులే. అడవి పందిని, దుప్పిని కొట్టుటకు పుట్టిన తుపాకి రజాకార్లకు, పోలీసుకు ఎదురు నిలిచినది. వానలో దాని మందు తడియును, ఒక్కసారి పేల్చిన పిదప మరల కూరుటకు చాల సేపు పట్టును.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఇషాపూరు ఫ్యాక్టరీలో తయారైన .315 రైఫిలు లైసెన్సుదారులకు దొరికినది. దాని మెత్తని ముక్కు గుండు 244 గ్రెయినులు, తులంపావు దాటినది. దూరమునకు పనికిరాదు గాని అడవికి తగినది. అయితే అప్పటికి దూరము అవసరమే లేకపోయినది. జీపు వచ్చినది, దాని దీపము వచ్చినది. వెలుగుకు కన్నులు చెదరి నిలిచిన జింకను పది గజములలో కొట్టుటకు ఏ గుండైనను చాలును. మృగముల సంఖ్య దేశమంతటను పడిపోయినదని ఇ. పి. జీ 1964లో తన గ్రంథమున వాపోయినాడు.

పాకాల, ఏటూరునాగారము అడవులు 1950ల తొలినాళ్ళలోనే అభయారణ్యములైనవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. మొదట కొన్ని మృగములకు లైసెన్సుపై అనుమతి మిగిలియుండెను. 1991 సవరణతో అదియు పోయినది. ఆత్మరక్షణ, మనుషులకు అపాయకరమైన మృగమును అధికారి ఉత్తరువుపై కొట్టుట వంటి కొలది సందర్భములు మాత్రమే చట్టములో ఉన్నవి. జింకల తూటాను ఎన్నుకొను ప్రశ్న మన జిల్లాలలో అంతటితో ముగిసినది.

దొంగవేట మాత్రము ముగియలేదు. దానికిప్పుడు గుండు అక్కరలేదు. మృగములు నీళ్ళకు పోవు దారిలో మేకులు నాటి, జానెడెత్తున సన్నని తీగ లాగి, పైనున్న విద్యుత్తు లైనునుండి కరెంటు తగిలించెదరు. దూడయైనను, చూలి దుప్పియైనను ఒక్కటే. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారము మండలపు అడవిలో రాత్రివేళ గాలింపునకు పోయిన గ్రేహౌండ్స్ దళములోని కానిస్టేబులు ఒకరు అట్టి తీగ తగిలి మరణించినారు.