వనపర్తిలో లేని వనపర్తి స్టేషన్

మదనాపురంలో రైలు దిగితే పసుపుపచ్చ పలక మీద నల్లటి అక్షరాలు కనిపిస్తాయి: వనపర్తి రోడ్. అది చూసి వనపర్తి వచ్చేసిందని సంచీ భుజానేసుకుంటే మోసపోయినట్టే. అసలు పట్నం ఇంకా తూర్పున ఇరవై కిలోమీటర్లకు అటూఇటూగా ఉంది. కొత్తకోట దగ్గర జాతీయ రహదారి దాటి వెళ్లాలి. రైల్వే పరిభాషలో ‘రోడ్’ అంటే ఊరు ఇక్కడ లేదు, ఊరికి దారి ఇక్కడుంది అని అర్థం. ఇదే మార్గంలో ఇంకా కిందికి వెళ్తే అలంపూర్ రోడ్ వస్తుంది. అదీ ఈ బాపతే.

ఈ పట్టాలు నిజాం కాలం నాటివి. కాచిగూడ స్టేషన్ 1916లో కట్టింది. అక్కడి నుంచి దక్షిణానికి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు దిక్కు సాగింది మీటర్ గేజ్ మార్గం. దేవరకద్ర, మదనాపురం దాటాక కృష్ణ మీద వంతెన, ఆ వెంటనే గద్వాల. ఇంకొంత దూరం పోతే తుంగభద్ర. అప్పట్లో ఆ నది అవతలి గట్టు మద్రాసు ప్రెసిడెన్సీ. గద్వాల, వనపర్తి రెండూ సంస్థానాలే, రెండు చోట్లా రాజులే. కానీ రైలు గద్వాల గడప తొక్కింది, వనపర్తిని పక్కన వదిలేసింది. పటం చూస్తే కారణం కొంత బోధపడుతుంది: నేరుగా నది వైపు దిగే దారికి వనపర్తి బాగా తూర్పున ఉంది.

1930లో, అప్పటిదాకా నడిపిన కంపెనీ చేతిలోంచి ఈ రైల్వేను నిజాం ప్రభుత్వం కొనేసింది. పట్టాల వెడల్పు మాత్రం 1990ల దాకా మీటరే. తర్వాతే 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ వచ్చింది.

పేర్ల సంగతికొస్తే ఈ లైను భలే తమాషా. కురుమూర్తి స్వామి పేరున ఒక స్టేషన్ ఉంది. అలంపురం క్షేత్రానికి దగ్గరున్న చిన్న స్టేషన్ పేరేమో ‘శ్రీ బాల బ్రహ్మేశ్వర జోగులాంబ’. పలక మీద అంత పేరు పట్టించిన పెయింటర్‌కు దండం పెట్టాలి.

ఈ మధ్య కాలంలోనూ ఈ లైను మారుతూ వచ్చింది. 2013లో రాయచూరు లైను ప్రారంభమై గద్వాల జంక్షన్ అయింది. 2023లో మహబూబ్‌నగర్–డోన్ రెండో లైనుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

నాగర్‌కర్నూలుకు మాత్రం ఆ ‘రోడ్’ కూడా దక్కలేదు. 2016లో జిల్లా కేంద్రమైనా, రైలెక్కాలంటే బస్సులో జడ్చర్లకో మహబూబ్‌నగర్‌కో పోవాల్సిందే. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూలు మీదుగా మాచర్లకు లైను వేయాలన్న కోరిక ఏళ్ల నాటిది. సర్వేలు జరిగాయి, పట్టాలు పడలేదు. ఎప్పుడైనా పడితే వనపర్తిలోనే వనపర్తి స్టేషన్ వెలుస్తుంది. అప్పుడు మదనాపురం పలక మీద ఏ పేరు రాయాలో రైల్వే వాళ్లు ఆలోచించుకోవాలి.