తెరిచిన కిటికీ లెక్క

లక్సెట్టిపేట. 63వ నంబరు జాతీయ రహదారిని ఆనుకున్న బడి. ఏడు మీటర్ల పొడవు, ఆరు వెడల్పు, మూడు ఎత్తు ఉన్న ఖాళీ తరగతి గదిలో నిలబడ్డారు మీరు. కిటికీలన్నీ మూసి ఒక్క చప్పట కొట్టండి. అది ఆగదు. గోడ నుంచి స్లాబుకు, స్లాబు నుంచి బండలకు తగులుతూ గింగురుమంటుంది.

కిటికీలు, తలుపు తెరిచి మళ్ళీ కొట్టండి. మోత త్వరగా అణిగింది. తెరిచినచోటికి చేరిన శబ్దం బయటికి పోతుంది, తిరిగి రాదు. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సబీన్ ఒక లెక్చర్ హాలు మోతను కొలవడం మొదలుపెట్టాడు. రాత్రుళ్ళు ఆర్గన్ గొట్టం ఊది, స్టాప్‌వాచ్ పట్టి, పక్క థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి పరిచేవాడు. శబ్దాన్ని మింగడంలో ఆయనకు కొలమానం తెరిచిన కిటికీయే.

గంట కొట్టారు. ముప్పైమంది పిల్లలొచ్చారు. తొమ్మిదో తరగతి ‘ధ్వని’ పాఠం. సారు నోట్సు చెప్తుండగా మంచిర్యాల వైపు లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

“సార్, ఇనవడ్తలేదు!” వెనక బెంచీ.

సారు గొంతు పెంచారు. గది ఆ గొంతునూ గింగురుమనిపించింది. తరగతి గదిలో బయటి చప్పుడు 35 డెసిబెల్స్ దాటొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కిటికీ మోతను తీసుకుపోయి లారీని తెచ్చింది.

నోట్‌బుక్ తీయండి. గది 126 ఘనపు మీటర్లు. దాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని మింగే విస్తీర్ణంతో భాగిస్తే మోత అణగడానికి పట్టే సెకన్లొస్తాయి. రోడ్డు వైపు కిటికీలు మూస్తే పిల్లలు, గోడలు, ఆవరణ వైపు కిటికీలు, తలుపు అన్నీ కలిపి సుమారు 17 చదరపు మీటర్లు. అంటే 1.2 సెకన్లు. కావలసింది 0.6. మింగే విస్తీర్ణం రెట్టింపు కావాలి.

థర్మాకోల్ వద్దు, అది పెద్దగా మింగదు. ఊళ్ళో దొరికే పత్తి మింగుతుంది కానీ మంటంటుకుంటుంది. రెండంగుళాల రాక్‌వూల్ (రాతినార) పలకలకు పలుచని గుడ్డ చుట్టి బిగిస్తే, తగిలిన శబ్దంలో కనీసం 70 శాతం మింగుతాయి. 24 చదరపు మీటర్లు చాలు: వెనక గోడ పై సగంలో 9, మిగతా 15 స్లాబుకు. గాలి ఆవరణ వైపు నుంచి వస్తుంది.

పలకలు బిగించాక చప్పట్లతో మళ్ళీ కొలిచే పని ఆ తొమ్మిదో తరగతికే అప్పగించండి. సూత్రం వాళ్ళ నోట్సులోకీ ఎక్కుతుంది.