లాడ్ బజార్ దాకా వెళ్ళని ఇంజనీరింగ్ చదువు

ఇంజనీరింగ్ చదివే పిల్లలకి ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ ఒక సబ్జెక్టు అయి చాలా కాలమైంది. మొదటి యూనిట్లో నిర్వచనాలు, రెండో యూనిట్లో వ్యాపారవేత్తకి ఉండవలసిన లక్షణాలు, చివర్లో ఒక బిజినెస్ ప్లాను. పరీక్షలో రిస్కు తీసుకోవడం గురించి పది మార్కుల ప్రశ్న వస్తుంది. ఏ రిస్కూ తీసుకోకుండా గైడులో ఉన్నది ఉన్నట్టు రాస్తే తొమ్మిది పడతాయి :-)

ఫ్రెషర్స్‌ని ఇంటర్వ్యూ చేసే మనలో చాలామందికి ఇది ఎదురయ్యే ఉంటుంది. రెజ్యూమెలో 'ఇన్నోవేషన్ సెల్ సభ్యుడు' అని ఉంటుంది. ఏం చేశావయ్యా అని అడిగితే "పోస్టర్ ప్రెజెంటేషన్ సార్" అంటాడు. బయటికొచ్చాక మనం "మనవాళ్ళ రక్తంలోనే లేదండీ బిజినెస్సు" అని తేల్చేస్తాం. నా మటుకు నాకు ఈ రక్తం సిద్ధాంతం మీద నమ్మకం లేదు. లోపం పిల్లల్లో కాదు, మనం నేర్పే పద్ధతిలో ఉంది. ఆ లోపం కొత్తది కూడా కాదు. హైదరాబాదులో దానికి దాదాపు 190 ఏళ్ళ చరిత్ర ఉంది, అది మొదలైంది హైటెక్ సిటీలో కాదు, పాతబస్తీలో.

పాయిగా సమాధులు చూశారా? సంతోష్ నగర్ దగ్గర పిసల్ బండలో ఉంటాయి, సున్నపు పనితనానికి పేరు. అక్కడ సమాధి అయిన పాయిగా అమీర్లలో ఫక్రుద్దీన్ ఖాన్ ఒకరు. బిరుదు షంస్ ఉల్ ఉమరా. 1781లో పుట్టి 1863లో పోయారు. నిజాం అల్లుడు, 1849లో కొద్ది నెలలు దివాన్‌గా కూడా చేశారు. అంత ఐశ్వర్యం ఉన్న నవాబుకి ఆ రోజుల్లో వేట, ముషాయిరాలు చాలు. ఈయనకి మాత్రం లెక్కలు, ఖగోళం, యంత్రాలు అంటే పిచ్చి. 1834 ప్రాంతంలో ఫక్రియా అనే మదరసా పెట్టారు. లితో ప్రెస్సు తెప్పించారు. ఇంగ్లీషు, ఫ్రెంచి సైన్సు పుస్తకాలని ఉర్దూలోకి అనువాదం చేయించి అచ్చు వేయించారు. 1840 ప్రాంతంలో 'సిత్తా షంసియా' అని ఆరు పుస్తకాల సెట్టు వచ్చింది: యంత్రశాస్త్రం, ఖగోళం, నీరు, గాలి, వెలుగు, విద్యుత్తు.

ఆ తేదీలని ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఫారడే విద్యుత్ ప్రేరణ కనిపెట్టింది 1831లో. మెకాలే తన ఇంగ్లీషు చదువు నోటు రాసింది 1835లో. రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీ తెరిచింది 1847లో. అంటే రూర్కీకి ముందే పాతబస్తీలో ఒక నవాబు స్థానిక భాషలో మెకానిక్స్ పాఠాలు అచ్చు వేయిస్తున్నాడన్నమాట. ఉస్మానియా యూనివర్సిటీ, దాని అనువాద విభాగం 1917లో వచ్చినప్పుడు అదేదో దేశంలోనే మొదటి ప్రయోగం అన్నట్టు చెప్పుకున్నాం కానీ, దానికి 80 ఏళ్ళ ముందు దారి వేసినాయన ఈయనే.

మరి ఇంత ముందుచూపు ఉన్న బడి నుంచి పాతబస్తీలో ఒక పారిశ్రామిక విప్లవం ఎందుకు రాలేదు? ఫక్రియా పేరు ఈ రోజుకీ నిలిచింది పుస్తకాల వల్లే, కర్ఖానాల వల్ల కాదు. బడి పెట్టింది నవాబు, పుస్తకం వేయించింది నవాబు, పరికరాలు కొన్నది నవాబు. అక్కడ చదువుకున్న కుర్రాడికి తన విద్యని కొనగలిగిన మనిషి కూడా ఆ నవాబో, సర్కారో తప్ప ఇంకొకరు లేరు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు తెలివైనవాడు ఏం చేస్తాడు? ఆ ఒక్కడి దగ్గరే కొలువు వెతుక్కుంటాడు. అది పిరికితనం కాదు, లెక్క తెలిసినతనం.

విచిత్రం ఏంటంటే కొనేవాళ్ళు ఆ పక్క వీధుల్లోనే ఉన్నారు. పాయిగా దేవిడీలున్న షాగంజ్ నుంచి చార్మినార్ వైపు నడిస్తే లాడ్ బజారే కదా. అక్కడ లక్క గాజులు చేసేవాళ్ళు బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయి పట్టకారుతో అతుకుతారు. ఎంత వేడికి లక్క మెత్తబడుతుంది, ఎంతకి మాడిపోతుంది అన్నది వాళ్ళకి వేళ్ళకి తెలుసు. పెళ్ళిళ్ళ సీజనుకి ఎంత సరుకు చేయాలి, ఎవరికి అరువివ్వొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు, ఈ ఏడాది ఏ రంగు పోతోంది, ఇదంతా ఉస్తాద్ దగ్గర కూచున్న పిల్లాడికి పదిహేనేళ్ళకే వచ్చేస్తుంది. మనం ఇప్పుడు మార్కెట్ రీసెర్చ్, వర్కింగ్ క్యాపిటల్, ఇన్వెంటరీ అని యూనిట్లుగా చెప్పేది ఇదే. దేవిడీలో వేడి గురించి శాస్త్రం ఉంది, బజారులో వేడితో బతుకుతున్న మనుషులు ఉన్నారు. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం పాఠంలో భాగం కాలేదు. ఇప్పటికీ కాలేదు. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ ఈ నగరం చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు పెట్టుకుని, ఆ కుంపటి ముందు కూర్చునే మనిషికి పొగ, సెగ తగ్గించే పని మనకి సిలబస్‌లా కనపడదు.

అలా కలిస్తే ఏమవుతుందో చూపించే ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది, కాకపోతే ఇంజనీరింగ్‌లో కాదు, వైద్యంలో. నాలుగో నిజాం కాలంలో 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలు మొదలైంది. అదీ ఉర్దూలోనే. అదీ సర్కారు డబ్బుతోనే. కానీ వైద్య విద్యార్థి ముందు రోజూ రోగి ఉంటాడు. అడగకుండానే ప్రశ్న వేసేవాడు ఆయన. 1888లో ఆ స్కూలు పెద్ద ఎడ్వర్డ్ లారీ, ఆపరేషనుకి మత్తు ఇచ్చే క్లోరోఫామ్ వల్ల మనుషులు ఎందుకు చచ్చిపోతున్నారు, ముందు ఆగేది గుండా, ఊపిరా అని ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1889లో రెండో విడతకి నిజాం సర్కారు వెయ్యి పౌండ్లు ఇచ్చింది, లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షలు చేసి, ఫలితాలు 'లాన్సెట్' పత్రికలో వేశారు. ఆ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలని చెప్తారు.

అన్నట్టు, ఆ కమిషన్ తేల్చిన విషయం తప్పు. క్లోరోఫామ్ గుండెని నేరుగా ఏమీ చేయదని వాళ్ళు అన్నారు, 1911లో గుడ్‌మన్ లెవీ అది నిజం కాదని చూపించాడు. అయినా సరే నా దృష్టిలో అది ఆ రోజుల్లో ఈ ఊళ్ళో జరిగిన గొప్ప చదువు. మూసీ ఒడ్డున కూర్చుని లండన్‌తో వాదం పెట్టుకోవచ్చు, కొలవొచ్చు, తప్పుపోవచ్చు అని పిల్లలు కళ్ళారా చూశారు. ఇన్నోవేషన్‌కి ఇంతకంటే మంచి ల్యాబు క్లాసు ఏముంటుంది?

ఇక 1929కి వద్దాం. ఆ ఏడాది హైదరాబాద్ సంస్థానంలో రెండు పనులు జరిగాయి. ఒకటి, ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. రెండు, కోటి రూపాయలతో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టారు. పరిశ్రమల్లో సర్కారు వాటా కొనడానికి ఆ డబ్బు. నేటి భాషలో చెప్పాలంటే ఒక వెంచర్ ఫండు, ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఒకే ఏడాది, ఒకే ఊళ్ళో! చదివేవాళ్ళకి ఒళ్ళు పులకరించాలి. కానీ ఆ రెండిటికీ మధ్య తలుపు పెట్టలేదు. ఫండు డబ్బు పెద్ద కంపెనీల వైపు వెళ్ళింది. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో, ఆల్విన్ 1942లో వచ్చాయి. ఊరికి మేలే జరిగింది, కాదనను. ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు మాత్రం కాలువలు, రోడ్లు, రైళ్ళ శాఖల వైపే చూశాడు. మళ్ళీ అదే లెక్క. కొనేవాడు ఒక్కడే, సర్కారు.

మూడో ప్రయత్నం అసలు నేరుగా ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్‌నే నేర్పడం. ఇది మన కాకినాడ కథ, మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ప్రపంచమంతా చదువుతారు, మనమే చదవం. హార్వర్డ్ సైకాలజీ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలాండ్‌కి, ఏదైనా సాధించాలనే తపన పుట్టుకతో రాదు, శిక్షణతో పెంచొచ్చు అని నమ్మకం. 1962లో హైదరాబాద్ వచ్చిన సియెట్ సంస్థతో కలిసి (యూసుఫ్‌గూడలో ఉంది, ఇప్పటి పేరు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ) 1964లో కాకినాడ నుంచి 52 మందిని బ్యాచులుగా పిలిపించి సుమారు పది రోజుల కోర్సు ఇచ్చారు. పోల్చి చూడటానికి రాజమండ్రి లాంటి ఊళ్ళలో శిక్షణ లేనివాళ్ళని కూడా గమనించారు. రెండేళ్ళ తర్వాత లెక్క చూస్తే శిక్షణ పొందినవాళ్ళలో సుమారు సగం మంది వ్యాపారంలో కొత్తగా ఏదో ఒకటి చేస్తున్నారు. లేనివాళ్ళలో పావు వంతే. 1969లో మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ దీన్ని పుస్తకంగా వేశారు.

అయితే రక్తం సిద్ధాంతం కొట్టుకుపోయినట్టేగా? అవును. కానీ అందులో మనం మర్చిపోయే ముక్క ఒకటుంది. ఆ 52 మంది విద్యార్థులు కారు. అప్పటికే వ్యాపారాల్లో ఉన్నవాళ్ళు. అందులోనూ సొంతంగా నిర్ణయం తీసుకునే స్థానంలో ఉన్నవాళ్ళకే శిక్షణ బాగా అంటింది. సోమవారం విన్న పాఠాన్ని మంగళవారం తన దుకాణంలో పెట్టి చూసుకోగలిగినవాడు ముందుకెళ్ళాడు. మనం ఆ కోర్సుని తెచ్చి, చేతిలో ఏమీ లేని ఇరవై ఏళ్ళ కుర్రాడికి చెప్పి, పరీక్ష పెట్టి, ఫలితం రాలేదని అతన్నే తిడుతున్నాం. ఈత గురించి ఒడ్డున పాఠం చెప్పి చెరువు లేని ఊళ్ళో వదిలేసినట్టు.

హైదరాబాదులో నిజంగా వ్యాపారవేత్తలు ఎక్కడ తయారయ్యారో చూస్తే ఇదే తేలుతుంది. కల్లం అంజిరెడ్డి గారు ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి, 1970లలో బయటికొచ్చి, ఒకటి రెండు కంపెనీల్లో భాగస్వామిగా చేయి తిరిగాక 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఐడీపీఎల్ సిలబస్‌లో ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ లేదు. కానీ అక్కడ మందు ఎలా తయారవుతుందో, ఎంత ఖర్చవుతుందో, ఎవరు కొంటారో తెలిసింది. కోర్సు పెట్టకుండానే అది కాలేజీ అయింది.

"అలాగని డీప్ టెక్ వదిలేసి అందర్నీ గాజులమ్ముకోమంటారా?" అని మీరు అడగొచ్చు. అనను. షంస్ ఉల్ ఉమరా పుస్తకాలు లేకపోతే మొదటి మెట్టే లేదు. శాస్త్రం కావాలి, గట్టిగా కావాలి. నేను అడిగేది ఒక్కటే. శాస్త్రం నేర్చుకున్న పిల్లాడికి, మార్కులేసే మాస్టారు కాకుండా, డబ్బులిచ్చి కొనే మనిషి ఒకరు డిగ్రీ అయ్యేలోపు ఎదురుపడాలి. "ఇది నాకు పనికిరాదు బాబూ" అని ఆ మనిషి మొహం మీద చెప్పాలి. ఎందుకు పనికిరాదో కనుక్కుని మళ్ళీ చేసుకొచ్చి, రెండోసారి అమ్మగలిగితే అదే ఇంటర్నల్ మార్కులు.

ఇందులో పాతబస్తీ పిల్లల సంగతి వేరే చెప్పాలి. 2015లో టీ-హబ్ వచ్చింది, 2022లో రాయదుర్గంలో పెద్ద భవనంలోకి మారింది. చార్మినార్ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. దూరం బస్సు చార్జీది మాత్రమే కాదు. అక్కడ మాట్లాడే ఇంగ్లీషుది, పిచ్ డెక్‌ది, తెలిసినవాళ్ళు ఉండటం, లేకపోవడంది. అబ్బ లాడ్ బజార్లోనో పత్తర్‌గట్టీలోనో కొట్టు నడుపుతుంటే అరువు, సీజను, బేరం చూస్తూ పెరిగి ఇంజనీరింగ్‌లో చేరిన కుర్రాడు, మనం వెతుకుతున్న రెండు విద్యలూ ఒకే మనిషిలో ఉన్నవాడు. మన చదువు అతనికి మొదట నేర్పేది ఏంటంటే, ఆ కొట్టు గురించి ఇంటర్వ్యూలో చెప్పకపోవడమే మంచిదని. నా బాధంతా అక్కడే.

మనం చేయగలిగింది కొంచెం ఉంది. అలుమ్నై మీట్లకి వెళ్ళి స్ఫూర్తి ప్రసంగాలు ఇస్తుంటాం కదా, ఈసారి ప్రసంగం మానేసి ఒక కస్టమర్‌ని వెంట తీసుకెళ్ళండి. మీ వీధి కిరాణా ఆయనైనా సరే, మీ ఆఫీసు క్యాంటీన్ కాంట్రాక్టర్ అయినా సరే, బాలానగర్‌లో లేతు మిషను పెట్టుకున్న మీ బాబాయి అయినా సరే. ఆయన కష్టం ఆయన నోటితో చెప్తాడు. ఒక సెమిస్టర్ తర్వాత మళ్ళీ వచ్చి, నచ్చితే డబ్బులిచ్చి కొంటాడు, లేకపోతే లేదు. వెయ్యి రూపాయలైనా చాలు. ఇంటర్వ్యూలో మాత్రం "నీ ఇన్నోవేషన్ సెల్‌లో ఏం చేశావు" అని కాదు, "నువ్వు చేసినదాన్ని ఎవరైనా కొన్నారా" అని అడగండి. ఈ ప్రశ్న నాలుగు కంపెనీల్లో అడగడం మొదలైతే, కాలేజీ సిలబస్ ఎవరూ చెప్పకుండానే మారుతుంది.