చెట్టుకు పట్టించిన శక్తి

మందుల షాపులో కూర్చునే నాకు రోజూ వినపడే మాట ఒకటుంది: "బిళ్లలెందుకండీ, సూది పడితేనే తగ్గుద్ది." ఆ నమ్మకం చూసినప్పుడల్లా నాకు 1784 నాటి పారిస్ గుర్తొస్తుంది.

ఫ్రాంజ్ మెస్మర్ అనే వైద్యుడు 1778లో అక్కడికొచ్చి, లోకమంతా నిండివున్న ఒక అయస్కాంత ద్రవంతో రోగాలు కుదురుస్తానన్నాడు. ఆయన గదిలో మూతేసిన పెద్ద ఓక్ తొట్టి, అందులో నీళ్ల సీసాలు, ఇనుప రజను. మూతలోంచి పైకొచ్చిన కడ్డీలను నొప్పున్నచోట ఆనించుకుని జనం చుట్టూ కూర్చునేవారు. కొందరు ఏడ్చేవారు, కొందరు పూనకమొచ్చినట్టు ఊగిపోయేవారు. లేచాక హాయిగా ఉందనేవారు.

ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ దీనిపై విచారణ సంఘం వేశాడు. అమెరికా రాయబారి బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవోయిజియే అందులో సభ్యులు. పారిస్ పక్కనే పాసీలో ఫ్రాంక్లిన్ ఉంటున్న ఇంటి తోటలో, మెస్మర్ శిష్యుడు దెలోన్ ఒక ఆప్రికాట్ చెట్టుకు ఆ ద్రవపు శక్తి పట్టించాడు. పన్నెండేళ్ల కుర్రాడికి కళ్లకు గంతలు కట్టి చెట్టుచెట్టుకూ తిప్పారు. మొదటి చెట్టు దగ్గరే చెమటలు, దగ్గు. రెండోదాని దగ్గర తలపోటు. నాలుగోదాని దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. శక్తి పట్టించిన చెట్టు ఆ నాలుగింటిలో లేనే లేదు!

ద్రవం లేదు, అంతా ఊహే అని సంఘం తేల్చింది. అయితే కుర్రాడికి పట్టిన చెమట దొంగ చెమట కాదు. ఊహకు ఒంటిని కూలదోసే సత్తా ఉందని తేలిందీ ఆ తోటలోనే. ఈనాడు కొత్త మందును పరీక్షించేటప్పుడు ఏది మందో, ఏది ఉత్త బిళ్లో రోగికి చెప్పకపోవడానికి కారణం ఆ సత్తాయే.