మన చిత్తము – దైవచిత్తము



“దేవుని చిత్తము” అను మాట మన పల్లెలలో దినమునకు పదిమారులు వినబడుచుండును. పంట పండినను ఆయన చిత్తమే, గట్టు తెగినను ఆయన చిత్తమే. అయితే ఆ చిత్తమునకు లోబడుట యన నేమి? తల వంచి యూరకుండుటయా? లేక మన తలంపును ప్రక్కన బెట్టి, ఎదుట నున్న పనికి లేచుటయా? నేను అవనిగడ్డవాడను, క్రైస్తవ కుటుంబమున పుట్టినవాడను. ఈ ప్రశ్నకు జవాబును దూరదేశములందు వెదకక, మన కృష్ణా మండలపు చరిత్రయందే చూపదలచితిని.

1841వ సంవత్సరమున చర్చి మిషనరీ సొసైటీ పంపగా ఇద్దరు ఇంగ్లీషు గురువులు బందరు చేరిరి. ఒకరు రాబర్టు టర్లింగ్టన్ నోబిలుగారు. మరియొకరు హెన్రీ వాట్సన్ ఫాక్సుగారు. వారు పనిని పంచుకొనిరి. నోబిలుగారు పట్టణమున బడి పెట్టి పెద్ద కులముల పిల్లలకు చదువు చెప్పవలెను. ఫాక్సుగారు గ్రామములు తిరిగి బోధింపవలెను. ఇది వారి ఏర్పాటు. ఏర్పాటు మంచిదే, కాని అది కొనసాగలేదు. ఫాక్సుగారి భార్య 1845లో మరణించెను. ఆయనయు ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోయి, 1848లో చిన్న వయస్సుననే కన్ను మూసెను. నోబిలుగారు ఒంటరియైరి.

ఆయన 1843లో బడి తెరచినప్పుడు చేరిన పిల్లలు ఇద్దరే. మెల్లమెల్లగా బడి పెరిగెను. తొమ్మిదేండ్లు గడచిన పిమ్మట, 1852లో, ఆ బడి విద్యార్థులిద్దరు బాప్తిస్మము పొందిరి. ఒకడు బ్రాహ్మణుడగు మంచాల రత్నము. రెండవవాడు వెలమ కులజుడగు ఐనాల భూషణము. పట్టణమంతయు అట్టుడికినట్లయ్యెను. తల్లిదండ్రులు తమ పిల్లలను బడి మాన్పించిరి, తరగతులు వెలవెలబోయెను. ఆ ఇద్దరి బంధువుల దుఃఖమును మనము తేలికగా తలపరాదు. కన్నకొడుకు బ్రతికియుండగనే చేయి దాటిపోయెనని యేడ్చినవారి కన్నీరును ఈ చరిత్రలోని భాగమే. ఆ యువకులకు మాత్రము ఆ మార్గమున ఇల్లు లేదు, కులము లేదు, పిత్రార్జితము మీద ఆశ లేదు. అయినను వెనుకకు మరలక, తరువాతి కాలమున ఇరువురును గురువులైరి. నోబిలుగారు ఖాళీయైన బడిని విడిచి పోలేదు. మిగిలిన పిల్లలకే మరల పాఠము చెప్ప మొదలిడెను. ఇరువదినాలుగేండ్లలో ఒక్కమారైనను స్వదేశము చూడక, 1865 అక్టోబరు 17వ తేదీన బందరులోనే మరణించెను.

ఇంతవరకు చెప్పిన కథ వినుటకు ఇంపుగా నుండును. కాని చరిత్ర చెప్పువాడు ఇంపైనది మాత్రమే చెప్పి ఊరకుండరాదు. నోబిలుగారి ఏర్పాటులో ఒక లోపము కలదు. ఆయన బడిలో మాల మాదిగల పిల్లలకు చోటు లేకపోయెను. పెద్ద కులములవారు ముందు మారిన యెడల, కాలువ నీరు మొదటి తూమునుండి శివారు పొలమునకు పారునట్లు, విశ్వాసము క్రిందికి తానే పారునని ఆయన తలచెను. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన ఆ దినములలో అట్టి ఆలోచన ఎవరికైనను సహజమే.

కాని నీరు శివారునుండియే పుట్టెను. రాఘవాపురమున పగోలు వెంకయ్య యను మాల కులజు డుండెను. పూర్వము దోపిడిగాండ్రకు నాయకుడై తిరిగినవాడు. విగ్రహములు దేవుడు కావనియు, దేవు డొక్కడే యనియు విని, ఆ దేవు డెవడో తనకు తెలియజేయుమని తనంత తానే ప్రార్థించుచుండెను. 1859లో బెజవాడలో డార్లింగుగారను మిషనరీని కలిసికొని, ఆ యేడే తనవారితో కూడ బాప్తిస్మము పొందెను. ఎవ్వరును ఆయనకై బడి కట్టలేదు. ఎవ్వరును ఆయనను లెక్కలో వ్రాసికొనలేదు. అయినను కృష్ణా మండలపు పల్లెలలోని సంఘములు పెరుగుటకు మొదలు ఆయనయే.

శ్రోతలారా! ఇక్కడనే మన పాఠమున్నది. సొమ్మును, దేశమును, ఆరోగ్యమును దేవునికి అప్పగించుట కష్టమే. “దేవుడు ఈ త్రోవనే రావలెను” అని మనము గీచుకొన్న గీతను అప్పగించుట అంతకంటె కష్టము. నోబిలుగారు మొదటి దానిని సంపూర్ణముగా ఇచ్చిరి. రెండవది మహానుభావులకును దుర్లభము.

మరి సామాన్యుని మాట యేమి? 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్యగారు, ఆంగ్ల సంఘమున ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. తరువాత మన కృష్ణా ప్రాంతపు సంఘములును ఆయన పాలనలోనికి వచ్చెను. బీదలైన కూలివారును దేవునికి ఇయ్యవలసినవారే యని ఆయన బోధించెను. వంటకు బియ్యము కొలుచునప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయును. ఆదివారము దానిని గుడికి తెచ్చును. కోతల పండుగకు క్రొత్త వడ్లు, కోడి, గుమ్మడికాయ ఏది కలిగిన నది తెత్తురు. పిడికెడు బియ్యము చిన్నదే. కాని దినదినము ఆకలి వేళ “ఇది నాది మాత్రమే కాదు” అని ఒప్పుకొనుట చిన్నది కాదు.

ఆ పిడికెడు విలువ నాకు 1977 నవంబరు 19వ తేదీ పిమ్మట తెలిసినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును సముద్రము ముంచి, సుమారు ముప్పదివేల మందిని బలిగొన్నదని పెద్దలు చెప్పగా వినియుంటిమి. ఆ రాత్రి వంటిదే మన దివిసీమకు మరల వచ్చెను. ఉప్పెన ముంచెత్తగా పదివేలకు మించిన ప్రాణములు పోయెను. నే నప్పటికి యువకుడను. మా వీధిలో ఒక పెద్ద “ఇది మన పాపములకు శిక్ష, మన మేమి చేయగలము?” అని తల పట్టుకొని కూర్చుండెను. మా తల్లి మారు పలుకక, అటకమీద తడియక మిగిలిన ఆ పిడికెటి బియ్యపు కుండను దించి, గంజి కాచి, ప్రక్కయింటి పిల్లలకు ముందు పోసెను. ఏ మతమని గాని, ఏ కులమని గాని అడుగలేదు. గుడికి చేరవలసిన బియ్యము చేరవలసిన చోటికే చేరెను.

సిలోయములో గోపురము కూలి పదునెనిమిది మంది చనిపోయినప్పుడు, వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులు కారని యేసే చెప్పెను. కావున చచ్చినవారిని నిందించుట భక్తి కాదు. చేతులు ముడుచుకొనుటయు విధేయత కాదు.

పెద్దలారా! మీ ఊర తగవు తీర్చునప్పుడు, పంక్తిలో విస్తరి వేయునప్పుడు, శివారు పొలమునకు నీరు వదలునప్పుడు ఒక్క క్షణమాగి, ఇది నా చిత్తమా, ఆయన చిత్తమా యని ప్రశ్నించుకొనుడు. వెంకయ్య వంటివాడు మన లెక్కలో లేక, వాకిట నిలిచి యుండవచ్చును.